అమెరికా తెల్ల కూలీలూ మా వేణ్ణీళ్ళ తొట్టీ

నాకు నవ్వొస్తే ఆగదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే జరిగిందంతా దానివల్లే జరిగింది. నా పెళ్ళిలో పురోహితుడు మంత్రం మధ్యలో గట్టిగా తుమ్మి, ఏమీ ఎరగనట్టు అదే ఊపులో మంత్రం అందుకున్నాడు. అంతే. తాళి కట్టేదాకా నవ్వుతూనే ఉన్నాను. పిల్లకి గాలేదో సోకిందని మా అత్తవారి తరఫు వాళ్ళు గుసగుసలాడుకున్నారట. చావు పరామర్శకి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాలంటే మా ఆయనకి ఇప్పటికీ గుండె దడే. "నువ్వు ఇంట్లోనే ఉండవే తల్లీ, నీకు పుణ్యముంటుంది" అంటాడు.

మా మరిది మాత్రం నవ్వడు. మా ఆయన తమ్ముడే, కానీ వేరే అచ్చు. మా యానాం పాండిచ్చేరి కిందకొస్తుంది కాబట్టి ఆ ప్రభుత్వం ఉద్యోగం ఎప్పుడిస్తుందా అని ఎదురుచూస్తూ, ఆ ఖాళీలో ప్రపంచాన్ని బాగుచేసే పని పెట్టుకున్నాడు. ఒకరోజు సాయంత్రం నేను రొయ్యల షెడ్డు నుంచి వచ్చి, పొయ్యి ముందు కూర్చుని చేతులు కాచుకుంటుంటే గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఆదివారం అగ్రహారంలో క్లాసు పెడతన్నాను. నువ్వూ, మీ షెడ్డులో ఆడాళ్ళూ రావాలి."

"ఏం క్లాసు బాబూ?"

"అమెరికాలో తెల్లజాతి కార్మికులు. జాతి, వర్గం, విప్లవ సంభావ్యత."

నేను వాడి ముఖం వంక చూశాను. జ్వరం ఉన్నట్టు లేదు. "నీకు అర్జెంటుగా పెళ్ళి చేసేయాలి" అన్నాను.

వాడు ఏమాత్రం చలించలేదు. "మీరు రోజూ ఒలిచే రొయ్యలు ఎవరు తింటన్నారో తెలుసా? ఆళ్ళ గురించే చెప్పేది" అన్నాడు.

ఇదిగో, అక్కడ పడిపోయాను. పదేళ్ళ పైనే రొయ్యలు ఒలిచాను గాని, ఆ రొయ్యల పెట్టెలు వెళ్ళి చేరే మనుషులు ఎలా ఉంటారో ఎవరూ మాకు చెప్పలేదు. మన వంట తిన్నవాళ్ళ ముఖం చూడాలని ఎవరికుండదు? మర్నాడు బస్సులో అందరికీ చెప్పాను. మిరపకాయ బజ్జీలు కూడా ఉంటాయని నా సొంతంగా చేర్చాను. ఆ సంగతి విని మా మరిది గుండెలు బాదుకున్నాడు, బజ్జీలు వేయాల్సింది వాడే కాబట్టి.

ఇక మా షెడ్డు గురించి. యానాం వంతెన దాటి కొంచెం లోపలికి పోతే వస్తుంది. కంపెనీ బస్సు మెట్టకూరులో మమ్మల్ని ఎక్కించుకుంటుంది. చెరువుల నుంచి వచ్చిన రొయ్యని ఐసులో పోసి బల్లల మీద కుమ్మరిస్తారు. మేం నిలబడి తల తుంచి, పెంకు ఒలిచి, వీపు మీద నరం లాగి గిన్నెలో వేయాలి. కిలో లెక్కన కూలి. అంటే పెద్ద రొయ్య చేతికొచ్చినవాళ్ళ గిన్నె ఇట్టే నిండుతుంది, చిన్న రొయ్య వచ్చినవాళ్ళు ఒలిచి ఒలిచి నడుం విరగాల్సిందే. పెద్ద రొయ్యలు పడే బల్ల మాది, అంటే యానాం వాళ్ళది. చిన్న రొయ్యల బల్ల హాస్టలు వాళ్ళది. కాంట్రాక్టరు ఒరిస్సా నుంచి తీసుకొచ్చి షెడ్డు వెనక రేకుల గదుల్లో పెట్టిన ఆడవాళ్ళని హాస్టలు వాళ్ళంటాం. ఈ ఏర్పాటు మొదట ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. మా పెద్దత్తని అడిగితే "ఇంకెవరే, దేవుడు" అనేది.

పెద్దత్తంటే మా అత్తగారికి అక్క. యానాం బల్లకి ఆవిడే మహారాణి. ఆవిడ కూర్చోమంటే బల్లంతా కూర్చుంటుంది, లేవమంటే లేస్తుంది. మేనేజరు కూడా ఆవిడ ఎదురైతే సెల్‌ఫోను చెవికి పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పక్కకి తప్పుకుంటాడు. నేరేడుపండు లాంటి నలుపు ఆవిడది, నిగనిగలాడిపోతూ ఉంటుంది. ఆవిడ తాతగారు ఫ్రెంచి దొరగారి పడవకి తెడ్డు వేశాడట. ఆ తెడ్డు ఊసు రాకుండా ఆవిడ నోట ఒక రోజు గడవదు. "మేం దొరల ఊరోళ్ళమే. పాండిచ్చేరి రేషను కార్డున్నోళ్ళం. ఆళ్ళెవరే, రైలెక్కి వచ్చినోళ్ళు" అని హాస్టలు వాళ్ళని తీసిపారేసేది. దొర పడవలో కూర్చుంటే తాతగారు తెడ్డు వేశాడు కదా, ఇందులో మన గొప్పేంటి అని ఒకసారి అడగబోయి నవ్వొచ్చి మానేశాను.

షెడ్డులో అసలు బాధ ఐసు. పొద్దుట మొదలెట్టిన కాసేపటికే వేళ్ళు మనవి కాకుండా పోతాయి. గ్లవుజులున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ప్లాస్టిక్ ఏప్రానుకి వీపు వెనక ముడి ఉంటుంది. పని దిగాక ఆ ముడి ఎవరికి వాళ్ళు విప్పుకోలేరు, వేళ్ళకి తాడు తగిలినట్టే తెలియదు. అందుకని వరసగా ఒకరి వెనక ఒకరు నిలబడి ముందున్నవాళ్ళ ముడి విప్పుతాం. అందరి వేళ్ళూ కొయ్యబారిపోయి ఉంటాయి కాబట్టి గిల్లుకోవడాలు, పొడుచుకోవడాలు, తిట్టుకోవడాలు అయ్యాకే ఆ ముళ్ళు వదులుతాయి. మా వరస మాది, హాస్టలు వాళ్ళ వరస వాళ్ళది. ఒకరి ముడి మీద ఇంకొకరు చెయ్యి వేసే ఆనవాయితీ లేదు.

ఒకప్పుడు షెడ్డు మూల వేణ్ణీళ్ళ డ్రమ్ము ఉండేది. టీ వేళకీ, పని దిగేటప్పుడూ అందరం అందులో చేతులు ముంచుకునేవాళ్ళం. వానల్లో అది పాడైంది. బాగుచేయించమంటే మేనేజరు "ఏం చెయ్యమంటారమ్మా, మన రొయ్యల మీద అమెరికా టాక్సు వేసేసింది కదా" అనేవాడు. గ్లవుజులు చిరిగిపోయాయి సార్ అంటే అమెరికా టాక్సు. బాత్రూము తలుపుకి గొళ్ళెం లేదు సార్ అంటే అమెరికా టాక్సు. మేం తలుపేసుకుంటే అమెరికాకి ఏం నష్టమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నాకు మాత్రం ఆ వేణ్ణీళ్ళు కావాలి. ఊరికే కాదు, నిజంగా కావాలి. ఇంటికెళ్ళాక మా అమ్మాయి జడ వెయ్యమని వీపు తిప్పి కూర్చునేది. పాయలు చేతిలో ఉన్నాయో జారిపోయాయో నా వేళ్ళకి తెలిసేది కాదు. మూడు పాయలతో మొదలెట్టిన జడ మెడ దిగేసరికి రెండు పాయలై, చివరికి ఏ పాయా లేక పీచులా ఊడిపోయేది. అది అద్దంలో చూసుకుని "పోనీలే అమ్మా, నాన్న వేత్తాడులే" అంది ఒకరోజు. వాళ్ళ నాన్న వేసిన జడ నా జడ కంటే బాగుంది. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

హాస్టలు వాళ్ళలో రెండు ముక్కుపుడకల మనిషి ఒకామె ఉండేది. నా ఈడే. మేనేజరు నడకని అచ్చం దింపేసేది. టీ వేళ ఒకరోజు ధైర్యం చేసి మా బల్ల దగ్గరికొచ్చి, సగం తెలుగులో "అక్కా, అందరం కలిసి ఆపుదాం. వేణ్ణీళ్ళు ఇచ్చాకే పని" అంది. నేను అప్పుడే సరేననబోయాను. కానీ పెద్దత్త ఆవిణ్ణి పైనుంచి కిందకి ఓసారి చూసి, "ఆళ్ళకీ మనకీ ఏంటే సంబంధం? మనకి కావాలంటే మనం అడుక్కుంటాం. గుంపులో గోవిందా అనక్కర్లేదు" అని టీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే మేమూ గ్లాసులు పట్టుకుని వెళ్ళిపోయాం.

ఇంతలో ఆదివారం వచ్చింది. అగ్రహారంలో మా మరిది స్నేహితుడి డాబా మీద చాపలు పరిచారు. బజ్జీల వాసనకి యానాం బల్ల యావత్తూ దిగింది. హాస్టలు వాళ్ళని ఎవరూ పిలవలేదు. మా మరిది కళ్ళజోడు తుడుచుకుని "తెల్ల కార్మికుడి విప్లవ సంభావ్యత అంటే..." అని మొదలెట్టాడు.

"అదేం రోగంరా?" అంది పెద్దత్త.

"రోగం కాదు పెద్దమ్మా. తిరగబడే సత్తా. అమెరికాలో తెల్ల కూలోడికి తిరగబడే సత్తా ఉందా, లేదా? అదీ ప్రశ్న."

"అది తరవాత. ముందు ఇది చెప్పు. ఆళ్ళు రొయ్య తలకాయలు తినరా?"

"తినరు."

"అయ్యో అయ్యో! రుచంతా తలకాయలోనే కదరా! పాపం, ఎవరూ చెప్పలేదా ఆళ్ళకి?" డాబా మీద అందరికీ అమెరికా మీద జాలి పుట్టింది. తలకాయల పులుసు రుచి తెలియని దేశం ఏం దేశమని ఒకావిడ నిట్టూర్చింది కూడా.

అక్కడి నుంచి మా మరిది మమ్మల్ని గాడిలో పెట్టలేకపోయాడు గాని, పాపం, వాడు చెప్పాల్సింది చెప్పాడు. అమెరికాలో తెల్లవాళ్ళందరూ దొరలు కారనీ, కూలికి పోయేవాళ్ళు, అద్దె కొంపల్లో ఉండేవాళ్ళు కోకొల్లలనీ చెప్పాడు. అది వినగానే మాకు మొదటి దెబ్బ. తెల్లగా ఉండి కూడా బీదవాళ్ళుంటారా! మా పెద్దత్తయితే "ఫొటో చూపించు" అని పట్టుబట్టింది. సెల్‌ఫోనులో చూపిస్తే చూసి, "నిజమేనే, చొక్కా చిరిగింది" అని నిర్ధారించింది.

"ఇప్పుడు వినండి" అన్నాడు మా మరిది. "యజమాని తెల్ల కూలోడికీ తక్కువే ఇచ్చాడు, నల్ల కూలోడికి ఇంకా తక్కువ ఇచ్చాడు. ఇద్దరూ కలిసి అడిగితే ఇద్దరికీ పెంచాలి. అందుకని తెల్లోడి భుజం మీద చెయ్యేసి, ఒరే, నువ్వు నా మనిషివిరా అన్నాడు. బస్సులో ముందు సీటిచ్చాడు. నీళ్ళు తాగడానికి వేరే కుళాయి పెట్టాడు. తెల్లోడు ఆ కుళాయి చూసుకుని మురిసిపోయాడు. కూలి పెరగలేదు. నల్లోడు సమ్మె అంటే మాత్రం, నేను రానన్నాడు."

"కుళాయికా?" అంది పెద్దత్త.

"కుళాయికే."

"ఉత్త నీళ్ళ కుళాయికి కూలి వదిలేసుకున్నాడా?"

"వదిలేసుకున్నాడు పెద్దమ్మా."

పెద్దత్త చేతిలో బజ్జీ పక్కన పెట్టింది. అది మామూలు విషయం కాదు. "ఓరి బుద్ధిలేని సన్నాసీ!" అని అమెరికా వైపు, అంటే గోదారి వైపు, చెయ్యి ఊపింది. "నీళ్ళు చూపించి నెత్తిన టోపీ పెడతా ఉంటే తెలవదంట్రా? ఆడు తిరగబడతాడేంటి, ఆడి మొహం! నా మాటగా ఆళ్ళకి కబురెట్టు. యానాంలో ఒక ఆడది సిగ్గు లేదురా మీకు అందని చెప్పు."

అందరం విరగబడి నవ్వాం. ఆ తెల్ల కూలీ కుళాయి దగ్గర నిలబడి మీసం మెలేస్తున్నట్టు ఒకావిడ నటించి చూపిస్తే నేను చాప మీద దొర్లాను. చివరికి మా మరిది ఓటు పెట్టాడు. తెల్ల కూలీ ఎప్పటికైనా నల్ల కూలీతో కలిసి తిరగబడతాడనుకునేవాళ్ళు చేతులెత్తమన్నాడు. ఎత్తింది వాడొక్కడే. "గనుల్లో, ఓడరేవుల్లో కలిసి పని ఆపిన రోజులు కూడా ఉన్నాయి. ఎక్కువకాలం నిలవలేదు, అంతే" అన్నాడు చిన్నబుచ్చుకుని. వాడికి మిగిలిన బజ్జీలు కూడా మేమే మూటకట్టుకొచ్చేశాం.

ఆ వారంలోనే మేనేజరు చెవిన పడింది, హాస్టలు వాళ్ళు పని ఆపాలనుకుంటున్నారని. మర్నాడు మేం బస్సు దిగేసరికి షెడ్డులో మా బల్ల వైపు కొత్త స్టీలు తొట్టి ఉంది. గోడకి గీజరు. తొట్టిలోంచి ఆవిరి లేస్తోంది. దానికీ చిన్న రొయ్యల బల్లకీ మధ్య, రెండు కొక్కేలకి తగిలించి, పసుపుపచ్చ నైలాను తాడు.

"ఇది లోకల్ వాళ్ళకి" అన్నాడు మేనేజరు, పెద్దత్త ముందు చేతులు కట్టుకుని. "పాండిచ్చేరి కార్డున్నోళ్ళు మా సొంత మనుషులు. అమెరికా టాక్సున్నా సరే, మీకోసం పెట్టించాను. ఆళ్ళ మాటలు మాత్రం మీరు వినకండమ్మా."

పెద్దత్త ముఖం వెయ్యి బల్బులు వెలిగినట్టు వెలిగింది. "చూశారటే? దొరల ఊరంటే ఇదీ" అంది.

టీ వేళకి పరుగెత్తాం. ఆ తొట్టిలో చేతులు పెట్టిన క్షణాన్ని ఎలా రాయను? మొదట ఏమీ తెలియలేదు. తర్వాత మండింది. ఆ తర్వాత వేలివేలికీ చీమలు పాకాయి, ఆపైన నా చిటికెన వేలు నాకు తిరిగొచ్చింది. ఒక్కో వేలూ ఒక్కో చుట్టంలా వచ్చి పలకరిస్తోంది. అబ్బబ్బబ్బ! పక్కనున్నావిడ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. పెద్దత్త తొట్టి మధ్యలో మోచేతులదాకా ముంచి, "ఆహా... ఆహా..." అంటోంది. ఈ రాత్రికి మా అమ్మాయికి జడ వేస్తాను, ఆరు పాయల జడ వేస్తాను, వాళ్ళ నాన్న చచ్చినట్టు చూడాలి అనుకున్నాను.

అనుకుని తల ఎత్తాను. తాడుకి అవతల హాస్టలు వాళ్ళు నిలబడి ఉన్నారు. అందరి చేతులూ చంకల్లో ఉన్నాయి. రెండు ముక్కుపుడకల మనిషి మమ్మల్ని చూడటం లేదు, ఆవిరి వంక చూస్తోంది.

తాడు. నీళ్ళు. మీరు మా సొంత మనుషులు. వేరే కుళాయి.

కడుపులో ఎక్కడో బుడగ లేచింది. పెదవి కొరుక్కున్నాను. ఆగలేదు. మా పెద్దత్త డాబా మీద గోదారి వైపు చెయ్యి ఊపి తిట్టిన తిట్టు గుర్తొచ్చింది, ఇప్పుడా చెయ్యే తొట్టిలో ఆహా ఆహా అంటూ ఉంది. ఇక నావల్ల కాలేదు. నవ్వు తన్నుకొచ్చి తొట్టిలో నీళ్ళు చిందాయి.

"ఏంటే ఆ నవ్వు?" అంది పెద్దత్త.

"పెద్దత్తా... మనం..."

"ఏంటే, చెప్పి చావు!"

"మనం తెల్లోళ్ళం అయిపోయాం పెద్దత్తా!"

ఆవిడ తన చేతులు నీళ్ళలోంచి ఎత్తి చూసుకుంది. మేమందరం కూడా ఆ చేతులనే చూశాం. నేరేడుపండు నలుపు, ఆవిరికి ఇంకా నిగనిగలాడుతోంది. ఆ తర్వాత తొట్టి చుట్టూ ఉన్నవాళ్ళం అందరం ఒకరి మీద ఒకరు పడి నవ్వాం. నవ్వుతూనే, ఒకరి తర్వాత ఒకరికి సంగతి తెలిసొచ్చి, నవ్వు సన్నగిల్లింది.

పెద్దత్త నవ్వలేదు. "ఎవత్తే తెల్లది? నేను తెల్లదాన్నా? నా ఒంట్లో తెలుపంటే పళ్ళూ గోళ్ళే!" అని ఉరిమి, తడిచేతులతోనే బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. సాయంత్రం బస్సులో నా పక్కన కూర్చోలేదు. డ్రైవరు పక్కన, ఇంజను మీద కూర్చుంది. ఆ రాత్రి మా అమ్మాయికి ఆరు పాయల జడ కుదిరింది. అది అద్దంలో చూసుకుని మురిసిపోయింది. నాకు మాత్రం లోపల బెంగగానే ఉంది. పెద్దత్త బిగుసుకుపోతే ఆ తాడు అక్కడే ఉంటుంది, తాడు ఉన్నంతకాలం ఈ నీళ్ళు మేనేజరు చేతిలో ఉంటాయి. ఇవాళ పెట్టినవాడు రేపు తీసేస్తే అడగడానికి మా వెనక ఎవరుంటారు?

మర్నాడు టీ వేళ పెద్దత్త తొట్టి దగ్గరికి రాలేదు. మేం వెళ్ళాం గాని, దొంగల్లా వెళ్ళి గబగబా ముంచుకుని వచ్చేశాం. పని దిగేవేళ మళ్ళీ ముంచుకున్నాం కాబట్టి మా అందరివీ వెచ్చటి చేతులు, ఆవిడవి మాత్రం కొయ్య చేతులు. వీపు తిప్పుకుని వరసలో నిలబడింది. నేను వెనక్కి చేరి, "రా పెద్దత్తా, ముడి విప్పుతాను" అన్నాను.

"నీ తెల్ల చేతులు నాకొద్దు" అంది.

అని వరస తప్పి, తాడు దాకా వెళ్ళి, అవతలున్న ముక్కుపుడకల మనిషికి వీపు తిప్పి నిలబడింది. "విప్పు" అంది.

ఆ మనిషి అటూ ఇటూ చూసింది. తాడు మీంచి చెయ్యి చాచి ముడి పట్టుకుంది. పట్టుకుంటే పట్టు దొరకదు. లాగుతుంది, జారుతుంది, మళ్ళీ వెతుకుతుంది. ఆ వెతుకులాటలో వేళ్ళు పెద్దత్త మెడకి తగిలాయి.

"ఓలమ్మో! చచ్చాను!" పెద్దత్త కేక బయట బస్సు డ్రైవరుకి వినపడింది. "శవం చేతులే నీయి!"

ఆవిడ గిర్రున తిరిగి ఆ చేతులు రెండూ పట్టుకుంది. తిప్పి చూసింది. పెంకు గీసుకుపోయిన గాట్లు, నీలం తిరిగిన గోళ్ళు. తన అరచేతుల మధ్య పెట్టి రుద్దింది గాని, తనవీ ఐసు ముక్కలే. ఇద్దరి చేతులూ ఒకేలా ఉన్నాయి, ఎవరివి ఎవరివో చెప్పడం కష్టం. పెద్దత్త గొంతు తగ్గడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. "పిల్లలున్నారా?" అని అడిగింది.

"ఇద్దరు అక్కా. ఊళ్ళో, అమ్మ దగ్గర."

"రా" అంది పెద్దత్త. ఆ చెయ్యి వదలకుండా తాడు కిందనుంచి అటు సగం దూరి ఆవిణ్ణి ఇవతలికి లాక్కురాబోయింది. దూరడానికి మా పెద్దత్త ఏమన్నా తీగా? నడుం దగ్గర తాడు పట్టేసింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. "తొయ్యండే!" అని అరిచింది. మేం ఇటునుంచి లాగాం, హాస్టలు వాళ్ళు అటునుంచి తోశారు. కొక్కెం టప్పున ఊడొచ్చింది. పెద్దత్త, ముక్కుపుడకల మనిషి, వెనక తోస్తున్న నలుగురూ కలిసి మా మీద పడ్డారు. ఆ పడడం నవ్వుల్లోనే పడ్డాం.

ఆ తర్వాత తొట్టి చుట్టూ చేతులే చేతులు. మీద మీద, కింద కింద, సందు దొరికిన చోటల్లా. ఐసులో నానిన అన్ని చేతులు పడేసరికి వేణ్ణీళ్ళు గోరువెచ్చనై, ఆ గోరువెచ్చనా పోయి, చెరువు నీళ్ళలా అయిపోయాయి. ఎవరికీ ఏమీ వెచ్చబడలేదు. అయినా ఒక్కరూ చెయ్యి తియ్యలేదు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది? తాడెవరు తీశారు?"

"నీళ్ళు చల్లారిపోయినయ్" అంది పెద్దత్త, నీళ్ళలోంచి చెయ్యి తియ్యకుండానే. "ఇంకో తొట్టి ఎట్టించు. అందాకా రొయ్యలు నువ్వే ఒలుచుకో."

"అమెరికా టాక్సు..."

"అమెరికాతో నేను మాట్టాడతాలే. నువ్వు తొట్టి సంగతి చూడు."

మర్నాడు పొద్దున్న అన్నంత పనీ చేశాం. బస్సు దిగి షెడ్డు బయట నీడన కూర్చున్నాం, వాళ్ళూ మేమూ కలిసి. లోపల రొయ్యల మీద ఐసు కరుగుతోంది. రొయ్య మనిషిలా ఓపిక పట్టదు, మధ్యాహ్నం దాటితే వాసనేస్తుంది. ముక్కుపుడకల మనిషి మేనేజరు నడక నడిచి చూపిస్తుంటే, నిజం మేనేజరు కిటికీలోంచి చూస్తున్నాడు. నవ్వలేక కడుపు పట్టుకున్నాను. భోజనాల వేళకి ట్రాలీ ఆటోలో రెండో తొట్టి దిగింది. బాత్రూముకి గొళ్ళెం కూడా వచ్చింది, అది మేం ఆ రోజు అడగనేలేదు.

మా మరిది ఆనందం చెప్పక్కర్లేదు. ఆదివారం మా ఇంటికొచ్చిన పెద్దత్త ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పు పెద్దమ్మా. అమెరికాలో తెల్ల కూలోళ్ళు తిరగబడతారా, తిరగబడరా?"

పెద్దత్త తాంబూలం ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చింది. "ఆళ్ళకో పెద్దత్త ఉండే ఉంటాదిరా. ఆవిడెవరో ముందు కనుక్కో" అంది.

"మరి పెద్ద రొయ్యల బల్ల సంగతి? అది ఇంకా మీదే కదా?"

వీడెవడండీ బాబూ, వేణ్ణీళ్ళతో పోయేదాన్ని బల్లదాకా లాగుతున్నాడు! పెద్దత్త వాణ్ణి కోపంగా చూసింది. "ఒరేయ్, ఒకేసారి అన్నీ అంటే ఎలారా? నీళ్ళు నీళ్ళే, బల్ల బల్లే" అంది. హమ్మయ్య అనుకున్నాను. నిజం చెప్పాలంటే, దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను.

సోమవారం ఏప్రాను కట్టుకుని నా చోటికి వెళ్ళాను. పెద్దత్త పక్కన, పెద్ద రొయ్యలు మొదట పడే చోటు అది. అందులో ముక్కుపుడకల మనిషి నిలబడి ఉంది, బిక్కుబిక్కుమంటూ.

"ఇవాళ్టి నుంచి ఈ మనిషి ఇక్కడ. ఆ తరవాత వంతులెక్కన ఇంకోళ్ళు" అంది పెద్దత్త, తల తిప్పకుండా. "నువ్వు అటెళ్ళు."

"నేనా? నేనెందుకు? నువ్వెళ్ళొచ్చుగా!"

"నవ్వింది నువ్వు కదే" అంది.

విప్లవమంటే నా చోటు పోవడమని మా మరిది ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఏడుపు ముఖంతో చిన్న రొయ్యల బల్ల దగ్గర నిలబడ్డాను. అవేం రొయ్యలు! పెంకు తప్ప ఒళ్ళే లేదు. మా మరిదినీ, అమెరికానీ, ఆ కుళాయి పెట్టినవాణ్ణీ, మా పెద్దత్త తాత వేసిన తెడ్డునీ కలిపి తిట్టుకుంటూ రోజంతా ఒలిచాను. పక్కన నిలబడ్డ హాస్టలామె నా గిన్నె చూసి జాలిపడి, నరం ఎలా లాగితే త్వరగా వస్తుందో చూపించింది. టీ వేళ తొట్టిలో చేతులు ముంచితే మాత్రం నీళ్ళు పొగలు కక్కుతున్నాయి.

పని దిగాక, ఇప్పుడు అందరికీ ఒకటే అయిన వరసలో, అలవాటు చొప్పున వీపు తిప్పి నిలబడ్డాను. వెనక ఎవరున్నారో చూడలేదు, అలకలో ఉన్నాను. ఎవరో నా ముడి పట్టుకుని, ఒక్క లాగుకే విప్పేశారు. వీపు మీద ఆ వేళ్ళు వెచ్చగా తగిలాయి. అలక ఎక్కడికి పోయిందో పోయింది, నవ్వొచ్చేసింది, ఇంటికెళ్ళేదాకా ఆగలేదు.